ఎవరూ ఆపలేదుగా

"మా అమ్మాయి ఎక్కడికైనా వెళ్లొచ్చండీ, మేమెప్పుడూ ఆపలేదు" అని గొప్పగా చెప్పుకునే తండ్రులు మన మధ్య చాలామందే ఉన్నారు. నిజమే, ఆపరు. ఫోన్‌లో లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉండాలి. బస్సెక్కగానే ఒక కాల్, దిగగానే ఇంకొకటి. సినిమాకెళ్తే ఎవరెవరు వస్తున్నారో ముందే చెప్పాలి. కొన్నాళ్లకు ఆ పిల్ల వెళ్లడమే మానుకుంటుంది. అప్పుడూ ఎవరూ ఆపలేదు.

ఆపకపోవడం ఒకటి, వదిలేయడం ఇంకొకటి. ఈ తేడా ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది గానీ అనుమానం పోలేదు. పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు చౌకీదారు, కానిస్టేబుళ్లు వాకిట్లోకొచ్చి కేకేసి, తలుపు తట్టి నిద్రలేపేవారనీ, పొరుగూరు వెళ్లాలంటే ఎక్కడికో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకు చెప్పి కదలాలనీ, ఆ ఊరి స్టేషనుకూ కబురు వెళ్లేదనీ ఆయన పిటిషన్‌లో మొరపెట్టుకున్నాడు. సంకెళ్లు లేవు, జైలు లేదు. పొలానికి పోవచ్చు, పెళ్లికీ పోవచ్చు.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదనే మాటలో అందరూ ఒకటే. మిగతా నిఘాకు అడ్డు లేదని నలుగురన్నారు: మనిషి నడకకు ఎవరూ అడ్డం పడనప్పుడు, దూరం నుంచి చూస్తుంటే అతని హక్కుకు వచ్చే నష్టమేమిటి? తర్కం బాగానే ఉంది. ఆ నలుగురిలో ఎవరి వాకిట్లోనూ చౌకీదారు కేకేసి ఉండడనుకుంటాను.

జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి ఢిల్లీ వెళ్లినవారు. జస్టిస్ షాతో కలిసి విడిగా తీర్పు రాశారు. వెనక నీడలా పోలీసు ఉంటే మనిషి కాళ్లు కదులుతాయి గానీ ఆ కదలిక మరబొమ్మది. అలాంటివాడికి దేశమంతా జైలేనన్నది ఆయన వాదన. మనసులో పుట్టే జంకు కూడా సంకెలే అని అంత సూటిగా చెప్పిన న్యాయమూర్తులు అప్పటికి అరుదు. నిఘా నిబంధన మొత్తాన్నీ కొట్టేయాలన్నారు. ఇద్దరి మాట నలుగురి ముందు నిలవలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, సుబ్బారావు చెప్పిందే సరైందన్నారు. ఆయన పోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది.

మన స్టేషన్లలో రౌడీ షీట్లు ఇప్పటికీ తెరుస్తూనే ఉన్నారు. ఎన్నికలొచ్చినా, వినాయక నిమజ్జనమొచ్చినా షీటున్నవాళ్లను పిలిపించి కూర్చోబెడతారు. వాళ్లలో నిజంగా భయపడాల్సినవాళ్లూ ఉంటారు. అలాంటివాడు మా వీధిలోనే ఉంటే షీటు ఉండాల్సిందేనని నేనూ అంటానేమో. కాకపోతే, కేసులన్నీ కొట్టేశాక కూడా తమ షీటు మూయించమంటూ హైకోర్టు మెట్లెక్కేవాళ్లు ఉన్నారు. వాళ్లనూ ఎవరూ ఎక్కడికీ వెళ్లొద్దనలేదు.