చదును నేలే చిక్కు!

నెదర్లాండ్స్ అంటే ఏం గుర్తొస్తుంది? కాలవలు, తులిప్ పూలు, సైకిళ్లు. కొండలు దాదాపు లేని దేశం, హాయిగా నడిచేయొచ్చు అనుకుంటాం కదా! పార్కిన్సన్స్ ఉన్న కొందరికి మాత్రం ఆ చదును నేలే చిక్కు. నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. దీన్నే ఫ్రీజింగ్ అంటారు. గుమ్మం దగ్గర, మలుపు తిరిగేటప్పుడు ఎక్కువ. ఒళ్లు ముందుకెళ్తుంది, కాళ్లు రావు. పడితే ఎముక విరగొచ్చు.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో, ఆలోచించకుండా జరగాల్సిన నడక తడబడుతుంది. అదే కంటికి ఏదైనా గుర్తు దొరికితే మెదడు ఇంకో దారి వెతుక్కుంటుంది.

దీనికి రెండు ముచ్చట్లున్నాయి. నైమేగన్‌లో నాలుగడుగులు వేయలేని 58 ఏళ్ల మనిషి సైకిలెక్కి దర్జాగా తొక్కేశాడు! డాక్టర్ బాస్ బ్లూమ్ బృందం ఆ సంగతిని 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వీడియోతో సహా చూపించింది. రెండోది మన పుణెకు చెందిన డిజైనర్ మిలేహా సోనేజీది. వాళ్లింట్లోని పెద్దాయన మెట్లు చకచకా దిగేవారు, చదునులో మాత్రం నడవలేకపోయేవారు. ఆవిడ నేల మీద మెట్లున్నట్టు భ్రమ కలిగించే బొమ్మ పరిచింది. ఆయన నడిచేశారు!

మరి ఆ బొమ్మను వెళ్లిన ప్రతిచోటికీ మోసుకెళ్లలేం కదా? అందుకే ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె యూనివర్సిటీ పరిశోధకులు మిక్స్‌డ్ రియాలిటీ కళ్లద్దాలతో ప్రయత్నిస్తున్నారు. పెట్టుకున్నా గది, కుర్చీ, మనుషులు మామూలుగానే కనిపిస్తారు. వాటి మధ్య నేల మీద రంగు గీతలు తేలతాయి. కెమెరాలు గదిని కొలుస్తూ ఉంటాయి కాబట్టి, తల తిప్పినా గీత ఉన్నచోటే ఉంటుంది. దాన్ని దాటుతూ అడుగేయాలి. ఇంట్లోనే ఆటల్లా చేసే నడక, బ్యాలెన్స్ వ్యాయామాలూ ఉన్నాయి.

అలాగని ఇదేం మంత్రం కాదు. గీతలు అందరికీ ఒకేలా పనిచేయవు. బొమ్మ కనిపించే మేర చిన్నది, తల వంచకపోతే పాదాల దగ్గరి గీత కనపడదు. పైగా ఇలాంటి పరిశోధనల్లో బాగా వాడిన హోలోలెన్స్ 2 తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది.

మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్న తాతయ్యో అమ్మమ్మో గుమ్మం దగ్గర ఆగిపోతే, "త్వరగా రా" అని చెయ్యి పట్టి లాగకండి. కాస్త ఆగనివ్వండి. ఫిజియోథెరపిస్టును అడిగి అక్కడ రంగు టేపుతో అడ్డగీతలు అతికించి చూడండి. ఆ ఖరీదైన కళ్లద్దాలు చూపించేదీ అలాంటి గీతే!