తెర మీది అంకె, రోగి మాట

సుమారు ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఇంటెన్సివ్ కేర్‌లో ఒక వృద్ధునికి పంపు ద్వారా మందు ఎక్కిస్తున్నాము. తెర మీద అంకె సరిగానే ఉంది. ఆయన భార్య మాత్రం "బాబుగారూ, సీసా అప్పుడే అయిపోవచ్చింది" అన్నారు. "పంపు చూసుకుంటుందమ్మా" అని ముందుకు కదిలాను. నాలుగడుగులు వేశాక మనసొప్పక తిరిగి వచ్చి చూస్తే, ఆమె మాటే నిజం. సకాలంలో ఆపగలిగాము గాని, ఆనాటి సిగ్గు నన్నింకా విడువలేదు.

తరువాత థెరాక్-25 చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఆమె గొంతే వినిపించింది. అది కెనడాలో తయారైన, క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు దాని వల్ల మితిమీరిన మోతాదుకు గురయ్యారు. వారిలో కొందరు మరణించారు. మొదటి రోగి తన ఒళ్ళు కాలిందని మొరపెట్టుకుంటే, అది అసంభవమన్నారు. టెక్సాస్‌లో ఆపరేటరు ఒక అక్షరం తప్పు కొట్టి, కొద్ది సెకన్లలోనే దిద్దారు. ఆ వేగాన్ని సాఫ్ట్‌వేర్ అందుకోలేకపోయింది. ఇటువంటి దోషం పాత థెరాక్-20లోనూ ఉండేది; కాని అందులో కిరణాన్ని అడ్డుకొనే విడి రక్షణ పరికరాలుండేవి. కొత్తదానిలో వాటిని తొలగించి, భారమంతా సాఫ్ట్‌వేర్‌పై మోపారు. 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ ప్రచురించిన వ్యాసం ఈ సంగతులను లోకానికి విప్పి చెప్పింది.

నమ్మరాని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని నిర్మించడమెలా అని వాన్ నాయిమన్ 1956 నాటి వ్యాసంలోనే చర్చించాడు. మన దేహానిదీ అదే నీతి: ఒక మూత్రపిండం దెబ్బతింటే రెండవది ఆదుకుంటుంది. థెరాక్-25లో లోపించినది ఆ రెండవ రక్షణే.

ఇప్పుడు వేలాది ఎక్స్‌రేలు చూసి నేర్చుకున్న యంత్రాలు వస్తున్నాయి. థెరాక్ దోషాన్ని వెదికి, ఇదిగో ఇక్కడ ఉందని చూపగలిగారు. వీటి తీర్పుకు కారణమేమిటో తయారుచేసినవారే ప్రతిసారీ చెప్పలేరు. తనకు తెలియనప్పుడు తెలియదని ఒప్పుకొనే యంత్రాన్ని నిర్మించడమే రానున్న పరిశోధకుల ముందున్న కఠిన పరీక్ష అని నా అభిప్రాయం.

అంతవరకు, ఆ తరువాత కూడా, రెండవ రక్షణ మనమే. మీ ఒళ్ళు ఒకటి చెప్పి తెర మరొకటి చెబితే, చికిత్సను మీరుగా మానుకోవద్దు. మొహమాటపడక వెంటనే చెప్పండి. వినవలసిన బాధ్యత మా వైద్యులది.