పలక కన్నా ముందు పలుకు

మా కోయ భాషలో నీళ్ళను ‘ఏరు’ అంటాం, ఇంటిని ‘లోను’ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు, లోన అంటే లోపల. మూడేళ్ళ పిల్ల దాహమేసి ‘ఏరు’ అని అడిగితే, మన భాష రాని మనిషికి వాగు గుర్తొస్తుంది. వినేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు, దాహంతో ఉన్న పిల్లకు కాదు. రెండుసార్లు అడిగి చూస్తుంది, మూడోసారి అడగడం మానేస్తుంది. గూడెం పిల్లలు ఒకటో తరగతిలో నోరు విప్పరని పంతుళ్ళు చెబుతుంటారు. ఆ మౌనానికి మొదలు ఇక్కడుంది.

పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు మాత్రం ఆరేళ్ళు నిండాకే మొదలవుతుంది. అంతకు ముందు వయసు పిల్లలకు మన ఊళ్ళలో ఉన్న ఆసరా అంగన్‌వాడీ ఒక్కటే. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది. గుడ్డు, బాలామృతం ఇచ్చే చోటుగానే దాన్ని మనం చూస్తున్నాం. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అది బడి కూడా అని మరిచిపోతున్నాం.

మన బతుకుకూ ఆ కేంద్రం వేళలకూ పొత్తు కుదరని రోజులు ఉన్నాయి. ఇప్పపువ్వు వేకువన రాలుతుంది. తల్లి చీకటితోనే అడవికి పోతుంది. మిరప కోతల కాలంలో ఆటో ఎక్కి పోయి పొద్దుగూకాక వస్తుంది. అప్పుడు చంటివాడిని చూసుకోవడానికి అక్క ఇంట్లో ఆగిపోతుంది. వాడు కేంద్రానికి పోడు, అక్క బడికి పోదు. కేంద్రం సరిగా నడిస్తే ఒక ఇంట్లో ఇద్దరి చదువు నిలుస్తుంది.

అందుకే ఇప్పపువ్వు రోజుల్లో మా గూడెంలో చదువుకున్న నలుగురం వంతులు వేసుకున్నాం. కేంద్రం తెరిచేదాకా పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి ఆడించి, తర్వాత టీచరమ్మకు అప్పగిస్తాం. వారానికి ఒకరోజు ఒక అవ్వ వచ్చి కోయలో కథ చెబుతుంది. చింతగింజలతో లెక్క, తునికాకు, మద్దాకు, ఇప్పాకు వేరు చేయడం, వాగు మట్టితో ఎడ్లు చేయడం, ఇవే మా పాఠాలు. కోయ మాట పక్కనే తెలుగు మాట కూడా చెబుతాం. తన మాటకు విలువ ఉందని తెలిసిన పిల్ల రెండో భాషకు భయపడదు.

ఇది కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఆయన అంత పని చేశారు. తల్లిపాలతో ఆ భాషలు నేర్చిన మనం వారానికి రెండు గంటలు ఇవ్వలేమా? ఒకరి ఇంటికి కప్పు వేయాలంటే గూడెమంతా కదలడం మనకు అలవాటే. దానికి ఎవరూ కూలి అడగరు. పిల్లల చదువునూ అలాగే చూద్దాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక జాగ్రత్త. మనం సాయం చేస్తున్నామని ప్రభుత్వం తన పని వదిలేయకూడదు. టీచరు లేకపోతే టీచరును అడగాలి, గది కారుతుంటే గదిని అడగాలి. సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. గ్రామసభలో పోడు, రోడ్డు గురించి మాట్లాడినట్టే అంగన్‌వాడీ గురించీ మాట్లాడండి, తీర్మానం రాయించండి.

పంతుళ్ళకు ఒక మనవి. ఆకలి, దాహం, నొప్పి, భయం, నిద్ర. ఈ ఐదింటికి మీ బడి ఉన్న ఊళ్ళో పిల్లలు ఏమంటారో ఆ తల్లులను అడిగి రాసుకోండి. ఒక్క సాయంత్రం చాలు. మరునాటి నుంచి ఏ పిల్లా మీ దగ్గర అడగలేక ఊరుకోదు.