పరిగెకు విడిచిన మూల

కార్తీకము వెళ్లి మార్గశిరము వచ్చు దినములలో కృష్ణా డెల్టాలోని రైతునకు ఒక కన్ను చేనిమీదను, ఒక కన్ను ఆకాశముమీదను ఉండును. ఇంటిని చూచుకొనుటకు మూడవ కన్ను లేదు గనుక ఆ పని ఇంటి ఆడవారిది. తెల్లవారుజామున తలుపు తీయగా ముంగిటనున్న వేపచెట్టు కూడ కనబడనంత మంచు. పొద్దెక్కిన తరువాత అది విడిపోయి, పసుపు తిరిగిన వరి తల వంచుకొని గట్టునుండి గట్టువరకు నిలిచియుండును. ఈ పత్రిక చదువువారిలో అనేకులు అట్టి ఇండ్లలోనివారే గనుక దీనిని ఎక్కువగా వర్ణింపనక్కరలేదు.

మా ఇల్లు రేపల్లె ప్రాంతమున, కాలువ చివరి భూములలో ఉన్నది. ఎకరమున్నర మాగాణి, రెండు గేదెలు, ఒక పెంకుటిల్లు, దాని వెనుక పశువుల పాక. చలికాలము వచ్చుచున్నదని మాకు మొదట చెప్పునది చిక్కుడు పాదు. వానాకాలమంతయు పందిరిమీద ఆకులు తప్ప ఏమియు చూపని ఆ తీగ, చలిగాలి తగులగానే గుత్తులు గుత్తులుగా పూయును. ఆ వారములోనే మేము పాకకు ఈశాన్యపు వైపున తాటాకు దడి కట్టుదుము. ఈ కాలపు గాలియు వానయు అటునుండియే వచ్చును. నా భార్య పాత గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి, దూడకు కప్పుటకు పట్టా చేయును. సాయంకాలము దోమలకు వేపాకు పొగ వేయుదుము. మా అమ్మ బీర, సొర, గోగు విత్తులను బూడిదలో కలిపి సీసాలలో పోసి మూతలు బిగించును. ఆ సీసాలను మరి యెవరును ముట్టరాదు.

ఎలుక సంగతి కూడ చెప్పవలెను. చలికాలమునకు మనకంటె ముందు సిద్ధపడునది అదియే. కంకులు కొరికి తెచ్చి గట్టులోని కన్నములో వరుసగా పేర్చుకొనును. యానాదులు వచ్చి బుట్టలు పెట్టి వాటిని పట్టుదురు. కన్నము త్రవ్వగా దొరకిన కంకులు వారివే. వాటిని రైతు అడుగకూడదని మా యూరి కట్టుబాటు.

అయితే ఈ దినములలోని పనులన్నిటిలో నాకు ఎక్కువ ఆశ్చర్యముగా తోచునది మినుము చల్లుట. వరి ఇంకను నిలిచియుండగనే, కోతకు రెండు మూడు దినములు ముందుగా, నేలలో పదును ఉన్నదో లేదో మడమతో తొక్కి చూచి, ఎకరమునకు సుమారు 16 కిలోల మినుములు వరి మొదళ్లలోనికి చల్లుదుము. దున్నుట లేదు, నీరు పెట్టుట లేదు. కోతవారు వాటిపైననే నడచి పోవుదురు. వారు పోయిన నాలుగైదు దినములకు మోళ్ల నడుమ మొలకలు కనబడును. అటుతరువాత భూమిలోని చెమ్మయు, రాత్రి కురియు మంచును దానికి చాలును. ఒక పంట ఇంకను చేతికి రాకముందే దాని కాళ్లయొద్ద రెండవ పంటను విత్తుట ఎవరికి మొదట తోచినదో!

వరికోత యంత్రము వచ్చిన తరువాత ఈ పద్ధతి చాలచోట్ల తగ్గినది. దాని గొలుసుల క్రింద లేత మొలక నలిగిపోవును. అందుచేత అనేకులు మినుము మాని, కోత అయిన తరువాత దున్నకుండనే మొక్కజొన్న పెట్టుచున్నారు. యంత్రమును నేను దూషింపను. చేతితో కోసిన పనలు మూడు నాలుగు దినములు చేనిలో ఆరవలెను. ఆ పిమ్మట కట్టలు కట్టి కుప్ప వేయవలెను. సంక్రాంతి దగ్గరకు నూర్చవలెను. ఈలోగా వాన పట్టుకొన్నచో పనమీదనే గింజ మొలకెత్తును. యంత్రమైతే పూట తిరుగకముందే ఎకరము కోసి ధాన్యము చేతికిచ్చును. తుపాను త్రోవలో కాపురమున్న మాకు అది చిన్న మేలు కాదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలమందిని పొట్టన పెట్టుకొన్ననాడు నాకు పన్నెండేండ్లు. మా యూరివరకు సముద్రము రాలేదు, గాలి వచ్చినది. తెల్లవారి చూడగా చేలన్నియు చాపలు పరచినట్లు పడియుండెను. 1996లో నవంబరు 6న కోనసీమకు వచ్చినది. నవంబరు అనగానే మా ప్రాంతపు పెద్దలు నేటికిని తూర్పుదిక్కు చూతురు.

యంత్రము వలన పోయినది మరియొకటి కలదు. అది పరిగె. కోత అయిన చేనిలో రాలిన కంకులను బీదలు ఏరుకొనుటను మనవారు పరిగె ఏరుట అందురు. మన తెలుగు బైబిలులో రూతు బోయజు పొలములో చేసిన పని కూడ అదియే. పొలము అంచులను పూర్తిగా కోయరాదని, పరిగె బీదలకు విడువవలెనని మోషే ధర్మశాస్త్రములో నున్నది. రూతుకు అది యవల కోత, ఎండకాలపు ప్రారంభము. మనకు వరి కోత, చలికాలపు ప్రారంభము. ఏరువాని ఆకలి మాత్రము రెండు చోట్లను ఒకటియే.

మా అమ్మ చిన్నతనమున పరిగె ఏరినది. 1955 ప్రాంతమున ఆమెకు పదేండ్లు. తెల్లవారక ముందే తల్లితో కూడ పోయి, మంచుకు చేతులు కొంకర్లు పోవుచుండగా ఒడినిండ కంకులు ఏరెడిది. ఒక ఆసామి వీరిని చూచి కర్ర పుచ్చుకొని వచ్చెడివాడట. మరియొక ఆసామి కోతవారితో, "కాస్త చెయ్యి వదులుగా పట్టండర్రా" అనెడివాడట. ఆ యింట సంక్రాంతి అరిసెలకు పిండి ఆ వదులు చేతినుండి వచ్చినదే. మా తండ్రి యేండ్ల తరబడి కౌలు చేసి, కూడబెట్టి, ఈ ఎకరమున్నర కొన్న తరువాత తూర్పు మూలనున్న 50 సెంట్లు చేతితోనే కోయవలెనని ఆమె పట్టు పట్టినది. యంత్రమునుండియు గింజలు రాలును గాని అవి బురదలో తొక్కుకొనిపోవును, కంకి మిగులదు. ఆమె మాటలో చెప్పవలెనన్న, "చేతికోతలో చెయ్యి జారుద్ది నాయనా. మిషనుకు చెయ్యేదీ, జారటానికి?"

2023 డిసెంబరు మొదటి తేదీ శుక్రవారమున మా యింట వాదము జరిగెను. బంగాళాఖాతములో వాయుగుండము బలపడుచున్నదని హెచ్చరికలు వచ్చుచుండెను. యంత్రము గట్టుమీద నిలిచియున్నది.

"నాయనమ్మా, మొత్తం కోయించేద్దాం. లేకపోతే ఆ మూల నీళ్లపాలే" అని మా అబ్బాయి అనెను.

"ఎకరం కోయించు. మూల ఉంచు."

"ఇంటింటికీ రేషను బియ్యం వస్తుంటే ఇప్పుడు పరిగెకి ఎవరొస్తారు?"

"నిరుడు ఇద్దరొచ్చారు" అని ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకొనుచునే చెప్పెను.

వాడు చెప్పినది అబద్ధము కాదు. పరిగెమీద బ్రదుకు కాలము పోయినది, అది పోయినందుకు దేవునికి స్తోత్రము చెప్పవలసినదే. అయినను ఆ వచ్చిన ఇద్దరిలో ఒకతె మా అమ్మతో కూడ చిన్ననాడు ఏరిన మనిషి. నేను మా అమ్మ మాటకు ఎదురు చెప్పలేదు. యంత్రము ఎకరము కోసి వెళ్లిపోయెను. 28 బస్తాలు అయినవి.

మరునాడు ఊరిలో బరకాలు చాలక, పక్కా కట్టడము మా గుడి ఒక్కటే గనుక, అందరి బస్తాలును అందులోనికి చేర్చిరి. ఎవరివి వారికి తెలియుటకు మూతులకు రంగు దారములు కట్టిరి. ఆదివారము ఆగమన కాలపు మొదటి ఆదివారము. స్త్రీలొకవైపు, పురుషులొకవైపు కూర్చుండు మా గుడిలో ఆ దినమున చోటు దొరకినచోట కూర్చుంటిమి. పిల్లలు బస్తాలమీద ఎక్కిరి. పచ్చిధాన్యపు వేడియు, వాసనయు నిండియుండగా పాడితిమి. పాస్టరుగారు ప్రసంగము త్వరగా ముగించిరి, ఆయన బస్తాలు ఇంకను బయటనే యుండెను.

ఐదవ తేదీ మంగళవారము మధ్యాహ్నము మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. తూర్పు మూలలో వరి పూర్తిగా పడిపోయి, దానిమీద మోకాటి లోతు నీరు నిలిచెను. చల్లిన మినుము కుళ్లిపోయెను. మా అబ్బాయి గట్టుమీద నిలువబడి చూచి, ఒక్క మాటయు అనక ఇంటికి వచ్చి పాక దడి బాగుచేయ మొదలుపెట్టెను. అనినయెడల నాకు సులువుగా నుండెడిది.

నీరు తీయుటకు ఐదు దినములు పట్టెను. కూలివారు దొరకలేదు, ఊరంతయు అదే పని. ఆరవ దినమున అమ్మ స్నేహితురాలు కోడలిని, ఇరుగుపొరుగు ఆడవారిని ఐదుగురిని వెంటబెట్టుకొని కొడవళ్లతో వచ్చెను. "అక్కా, పరిగె ఏరటానికి ముందు కోయాలిగా" అనెను. వారు బురదలోనుండి దుబ్బు దుబ్బుగా లేవనెత్తి కోసి, కాలువలో జాడించి, గుడి ఆవరణలో ఆరవేసిరి. పధ్నాలుగు బస్తాలు కావలసిన చోట ఐదు అయినవి, అందులోను గింజ రంగు మారినది. రెండు బస్తాలు వారికిమ్మని అమ్మ చెప్పెను. పరిగె అదిగాక వారిదే. మా అబ్బాయి ఆ బస్తాలను స్కూటరుమీద పెట్టుకొని ఒక్కొక్కటిగా వారి ఇండ్లకు చేర్చి వచ్చెను.

మినుము రెండవమారు చల్లితిమి. ఆరబెట్టగా తేమ 17 శాతమునకు దిగిన మంచి ధాన్యము అమ్ముకొంటిమి. రంగు మారిన మూడు బస్తాలు మరపట్టించి ఉగాదివరకు మేమే వండుకొంటిమి. ఆ అన్నమునకు ముక్క వాసన. మొదటి రెండు దినములు మా అబ్బాయి కంచము ముందు ముఖము చిట్లించెను, తరువాత మానుకొనెను. అమ్మ అన్నము వండునప్పుడెల్లను గుడికని తీసిపెట్టు పిడికెడు బియ్యమును మాత్రము ఆ బస్తాలోనుండి తీయలేదు. దానికొరకు అంగడినుండి మంచి బియ్యము వేరుగా కొనిపించి, చిన్న డబ్బాలో పోసి, తన విత్తుల సీసాల ప్రక్కన పెట్టుకొనెను.