గాలి పెరిగితే ఎసరు పెంచాలా?

రండి, మంటకి కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఇందాక మీరు బండి స్టాండు వేస్తుంటే చప్పుడు విన్నాను. కొత్త సైలెన్సర్ వేయించినట్టున్నారు. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చారా? అయితే మీరు అడగబోయేదేమిటో నాకు తెలుసు. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి మార్చాక ఈసీయూని మళ్ళీ ట్యూన్ చేయించాలా? కంప్యూటరే కదా, దానంతటదే సర్దుకోదా? ఒక మెకానిక్ తప్పదంటాడు, పక్క వీధిలో ఇంకొకాయన అక్కర్లేదంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో చూద్దాం.

ఇంట్లో అన్నం వండేటప్పుడు బియ్యం కొలతను బట్టి ఎసరు పెడతారు కదా? ఇంజిన్‌కి బియ్యం గాలి, ఎసరు పెట్రోలు. ఏమీ కలపని పెట్రోలు 1 గ్రాము పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. 350 సీసీ సిలిండర్ నిండుగా ఒక్కసారి పీల్చే గాలి బరువు దాదాపు 0.4 గ్రాములు. దానికి కావలసిన పెట్రోలు 28 మిల్లీగ్రాములు. 4,000 ఆర్‌పీఎం దగ్గర ఈ కొలత నిమిషానికి 2,000 సార్లు జరగాలి, అదీ తప్పకుండా.

కార్బురేటర్ రోజుల్లో పాత బుల్లెట్ మెకానిక్కులు ప్లగ్ విప్పి రంగు చూసేవారు. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదని, నల్లగా మసి పట్టితే ఎక్కువైందని. చాలకపోతే పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక నంబరు పెద్దది వేసేవారు. అంటే ట్యూనింగ్ ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చిన అవసరమేమీ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక మన బైకుల్లో చాలావాటికి జెట్ పోయి ఈసీయూ వచ్చింది, అంతే.

మరి ఈ ఈసీయూకి ఎంత గాలి వచ్చిందో ఎలా తెలుస్తుంది? కొన్ని కార్లలో గాలి దారిలోనే దాని బరువు కొలిచే సెన్సర్ ఉంటుంది. గాలి పెరిగితే అది చూస్తుంది, పెట్రోలు పెంచుతుంది. అయితే ఆ సెన్సర్ కూర్చున్న గొట్టాన్నే వెడల్పుది వేస్తే మాత్రం సోల మార్చి పాత సోల లెక్కే చెప్పినట్టవుతుంది. బైకుల్లో సాధారణంగా ఆ సెన్సర్ ఉండదు. థ్రాటిల్ ఎంత తెరిచారు, ఆర్‌పీఎం ఎంత, లోపలి గాలి ఒత్తిడి ఎంత, వేడి ఎంత అని చూసి, ఫ్యాక్టరీలో రాసిపెట్టిన పట్టికలోంచి ఈసీయూ కొలత తీస్తుంది. ఆ పట్టిక ఫ్యాక్టరీ ఫిల్టర్‌కి, ఫ్యాక్టరీ సైలెన్సర్‌కి రాసింది. ఇంజిన్ ఊపిరి మారితే ఆ లెక్క తప్పుతుంది.

ఇక్కడే ఆక్సిజన్ సెన్సర్ ఆదుకుంటుంది. బాష్ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో మొదట వోల్వో కార్లలోకి వచ్చింది. మనం మెతుకు పట్టి చూసినట్టు అది పొగలో మిగిలిన ఆక్సిజన్ చూస్తుంది. దాన్నిబట్టి పెట్రోలు తక్కువైందని తేలితే ఈసీయూ పెంచుతుంది, ఎక్కువైందని తేలితే తగ్గిస్తుంది. ఐడిల్‌లోనూ, నిలకడగా పోతున్నప్పుడూ ఈ దిద్దుబాటు చక్కగా సాగుతుంది. దానికీ ఒక హద్దుంది. పైగా ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్‌కి గాలి నిష్పత్తి 12.5, 13 దగ్గర ఉండే చిక్కటి మిశ్రమం కావాలి. మామూలు సెన్సర్ అంత చిక్కదనాన్ని కొలవలేదు. అందుకని ఈసీయూ మళ్ళీ పట్టికనే నమ్ముతుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చేటప్పుడు కనిపించని తేడా హైవేలో లారీని దాటేటప్పుడు బయటపడుతుంది. ఆ సమయంలో పెట్రోలు చాలకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, నాక్ చేస్తుంది, అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోవచ్చు.

పెట్రోలూ మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి గాలి నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. పాత పెట్రోలుకి రాసిన పట్టిక ఉన్న బండిలో ఈసీయూ దిద్దగల హద్దులో కొంత దీనికే ఖర్చవుతుంది. మీ కొత్త ఫిల్టర్‌కి మిగిలేది తక్కువ.

అందుకని నా మాట ఇది. బెండ్ పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్ అలాగే ఉంచి చివర సైలెన్సర్ ఒక్కటే మార్చారా, లేక ఫ్యాక్టరీ డబ్బాలోనే అదే సైజు ఫిల్టర్ వేశారా, సాధారణంగా ట్యూనింగ్ అక్కర్లేదు. ఎయిర్‌బాక్స్ తీసేసి ఓపెన్ ఫిల్టర్, దానికి తోడు బెండ్ పైపు నుంచీ ఫ్రీ ఫ్లో పెట్టారా, చేయించి తీరాలి. అదీ బండిని నిలబెట్టి నడిపి కొలిచే డైనో మీద, ఆ చిక్కదనాన్నీ కొలవగల వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో చూసి చేసేవాళ్ళ దగ్గర. ఎవరి బండికో రాసిన పట్టిక, అదే మ్యాప్, మీ బండికి ఎక్కించుకోకండి.

కన్వర్టర్ మాత్రం పీకించకండి. అది శుభ్రం చేయని పొగ పీల్చేది మన పిల్లలే. 2019 సవరణ తర్వాత చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు సైలెన్సర్ల మీద రోడ్డు రోలర్ నడిపించిన దృశ్యం మీరూ చూసే ఉంటారు. నిద్రపోతున్న వీధిని లేపని గొంతే బండికి అందం.

ట్యూనింగ్‌కి డబ్బు ఖర్చుపెట్టేముందు ఇంకొక్క పని ఉంది. సిలిండర్ దగ్గర బెండ్ పైపు గాస్కెట్ సరిగా కూర్చోకపోతే సెన్సర్‌కి ముందే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. గాలి ఎక్కువైందనుకుని ఈసీయూ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, థ్రాటిల్ వదిలితే పటపటమంటుంది. ఏ మ్యాపూ దాన్ని బాగుచేయలేదు. రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, బెండ్ పైపు మొదట్లో టిక్ టిక్‌మని వినిపిస్తుందేమో చూడండి. వినిపిస్తే ముందు గాస్కెట్ మార్పించి, ఓ వారం నడిపి చూడండి. ట్యూనింగ్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.