ఇంట వైఫై తెగినపుడు

మా ఖానాపూరు ప్రాంతమున గల్ఫు దేశములకు బిడ్డలను బంపిన గృహము లనేకములు. అట్టి యింట వైఫై తెగుట చిన్న సంగతి గాదు. తల్లిబిడ్డల మాటయే నడుమ తెగును. మా చిన్నవాడు కువైటునుండి మాటలాడునపుడు వంటయింట నాకు ముఖము గానవచ్చెడిది గాని మాట వినరాకుండెడిది.

ఒకనాడు వైఫై పెట్టెచెంతనే నిలిచి మాటలాడితిని. మాట స్పష్టముగా వినబడెను. వంటయింటికి బోగానే తెగెను. కావున లోపము వెలుపలి తీగయందు గాక యింటిలోనే యున్నదని తేలినది. పెట్టెకడనే తెగినచో, కనెక్షను నిచ్చినవారికి దెలుపవలసినదే.

బిగించినవారు పెట్టెను ఇనుప బీరువా వెనుక నుంచిపోయిరి. ఇనుము తరంగముల నడ్డగించును. మందపు గోడలు వానిని క్షీణింపజేయును. దానిని నడిమి గదిలో నెత్తున నుంచితిని. 5 గిగాహెర్ట్జుల తరంగము వేగవంతమే గాని, గోడలు దాటుటకు 2.4 గిగాహెర్ట్జులదే మేలు. మైక్రోవేవు పొయ్యియు నించుమించుగా నీ రెండవదానినే వాడును గనుక, మాటలాడునపుడు దాని నాపుట మంచిది.

ఇందులకు పురుషుల రాకకై వేచియుండ నక్కరలేదు. రెండు తావుల నిలిచి పరీక్షించు నోర్పున్న జాలును. దూరదేశమున నున్న బిడ్డకు వారమున కొక్క శుక్రవారమే తీరిక. ఆ గడియను గోడలపాలు చేయరాదు.