తోడు

పగడమనగానే మనకు స్ఫురించేది ఉంగరంలో పొదిగిన ఎర్రటి పూస. కుజదోష నివారణకని వేలికి పెట్టుకునేది. నా గాజుతొట్టెలో పెరుగుతున్నవి ఆ జాతివి కావు, రాతి పగడాలు. చిన్నప్పుడు భూగోళశాస్త్రంలో "ప్రవాళ భిత్తికలు" అని బట్టీ పట్టామే, వాటిని కట్టే జీవులు ఇవే. ఆ మాటకు అర్థం నాకు నిజంగా తెలిసింది మాత్రం నలభయ్యో పడిలో, అమెరికాలో, పడకగదిలో పట్టక హాల్లోకి వచ్చి చేరిన ఒక అక్వేరియం పుణ్యమా అని.

మన దేశంలో ఈ ముచ్చట కుదరదు. 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, అంటే పులి సరసన, చేర్చారు. ఇక్కడ నేను కొన్నది సముద్రంలోంచి పెకలించినది కాదు, మరొకరి తొట్టెలో పెరిగిన దాని తునక. ఆక్రోపొరా అనే కొమ్మల పగడం. చిటికెన వేలంత.

చూపుకు మొక్క, పుట్టుకకు జంతువు, తాకితే రాయి. కొమ్మ నిండా ఆవగింజలంత నోళ్ళు. దాని మాంసంలో కంటికానని నాచు కాపురముంటుంది. పగలు వెలుగును తిని ఆ నాచు చక్కెర వండిపెడుతుంది. ఆతిథేయి దానికి నీడనిస్తుంది. ఆ బలంతో పగడం నీటిలోని కాల్షియాన్నీ కార్బనేటునూ కూర్చుకుని తెల్లటి అస్థిపంజరం కట్టుకుంటుంది. సముద్రంలో ఈ సరుకుకు కొదవ లేదు. తొట్టెలో మాత్రం అది తరిగిపోతూ ఉంటుంది, యజమాని కొలిచి పోస్తూ ఉండాలి. ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు, వేడి 25, 26 డిగ్రీలు, క్షారత్వం ఏడుకూ తొమ్మిదికీ నడుమ. అంకెలకన్నా ముఖ్యమైనది, అవి నిన్న ఎలా ఉన్నాయో నేడూ అలాగే ఉండటం.

మూడేళ్ళలో నా చిటికెన వేలు రెండు దోసిళ్ళయింది. కొనలు లేత నీలం. వచ్చిన అతిథులందరినీ దాని ముందు నిలబెట్టి విసిగించేవాణ్ణి.

ఒక శనివారం పరీక్షిస్తే క్షారత్వం ఆరున్నరకు దిగి ఉంది. రోజుకు ఒక్క డిగ్రీకి మించి పెంచరాదని నాకు తెలుసు. తెలిసీ, ఆ రాత్రే తొమ్మిదికి చేర్చి, సమస్య తీర్చానన్న తృప్తితో పడుకున్నాను. నాలుగో రోజున మొదట్లో మాంసం ఊడటం కనిపించింది. వారం తిరిగేసరికి కొనల దాకా తెల్లటి ఎముక.

వేడికి పగడాలు తెల్లబారడం వేరు. అప్పుడు నాచు వెళ్ళిపోతుంది కాని మాంసం మిగిలే ఉంటుంది. నీరు చల్లబడితే బతికే ఆశ ఉంటుంది. ఇక్కడ మిగిలినదేమీ లేదు. దాన్ని చంపింది నిర్లక్ష్యం కాదు, ఆత్రం. నిర్లక్ష్యమైతే క్షమించుకోవడం సులువయ్యేదేమో.

అంతకు రెండేళ్ళ ముందు ఒక కొమ్మను కత్తిరించి, సూపర్‌గ్లూతో చిన్న పింగాణీ బిళ్ళకు అతికించి, పక్క ఊళ్ళోని మిత్రునికిచ్చాను. ఇచ్చేటప్పుడు, చెప్పడానికి సిగ్గే గాని, కాస్త మనసొప్పలేదు. సంగతి విని ఆయన ఆదివారం పొద్దున్నే ప్లాస్టిక్ డబ్బాతో వచ్చారు. అందులో రెండు తునకలు. "మీదే కదండీ" అన్నారు.

నిజంగానే నాదే. విరిచి నాటిన పగడం సంతానం కాదు, అదే ప్రాణి. 2023 వేసవిలో ఫ్లోరిడా తీరం కాగిపోయినప్పుడు శాస్త్రజ్ఞులు సముద్రపు నర్సరీలలోని పగడాలను ఒడ్డుకు తెచ్చి తొట్టెల్లో దాచింది కూడా ఈ ఆశతోనే: ఒకచోట పోయినా మరొకచోట ఉంటుందని.

మా అమ్మ రోజూ పక్కింటికి గరిటెడు పెరుగు తోడుకిచ్చేది. మా ఇంట పెరుగు నిండుకున్ననాడు ఆ ఇంటినుంచి తోడు వచ్చేది. అది ఎవరి పెరుగని ఎవరూ అడిగేవారు కారు.

ఈసారి తునకలు వేలెడు పొడుగయ్యాక మొదటి కొమ్మ ఎవరికివ్వాలో ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాను. క్షారత్వం రోజుకు పావు డిగ్రీ కన్నా పెంచడం లేదు.